యూదు వారసత్వాన్ని పిల్లలకు చేతిపనుల ద్వారా నేర్పడం: ఏ ప్రాజెక్టు ఎవరికి తగినది?

యూదు వారసత్వాన్ని బొమ్మలు, చేతిపనుల ద్వారా పిల్లలకు పరిచయం చేయాలనుకునే తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ ఆలోచనల కొరత ఉండదు. కాగితపు కత్తిరింపులు, మట్టి దీపాలు, రంగుల కిటికీలు, హీబ్రూ అక్షరాల అలంకరణలు, పర్ణశాలల పండుగ తోరణాలు అంటూ వరుస పెరుగుతూనే ఉంటుంది. ఖర్చును బట్టో, తీరికను బట్టో, చూడటానికి ముచ్చటగా ఉందనో వాటిలో ఒకటి ఎంచుకోవడం మామూలే గానీ, అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. రంగులు ఆరిపోయాక ఆ వస్తువు ఎక్కడికి వెళుతుంది? పండుగనాడు బల్ల మీదికి చేరి నిజంగా వాడుకలోకి వస్తుందా, లేక చూసుకోవడానికి గోడ మీద ఉంటుందా? ఈ పోలిక అంతా ఈ ప్రశ్న చుట్టూనే సాగుతుంది.

ఈ ప్రశ్నకు ఆధారం యూదు సంప్రదాయంలోనే ఉంది. నిర్గమకాండము 15వ అధ్యాయంలో, సముద్రం దాటిన తర్వాత ఇశ్రాయేలీయులు పాడిన కీర్తనలోని ఒక వాక్యాన్ని వివరిస్తూ, యూదు ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తల్మూద్‌లోని పండితులు, దేవుని ఎదుట అందమైన పర్ణశాల కట్టాలనీ, అందమైన కొమ్ముబూర, అందమైన తోరా (మోషే అయిదు గ్రంథాల) చుట్ట ఉండాలనీ చెప్పారు. ఆజ్ఞను నెరవేర్చడానికి వాడే వస్తువును చక్కగా తీర్చిదిద్దడం కూడా భక్తిలో భాగమేనన్న ఈ భావన మీదనే దీపస్తంభాలు, తోరా కట్టుబట్టలు, వివాహ పత్రాలు, గోడ పటాలు ఒక కళా సంప్రదాయంగా పెరిగాయి. అదే గ్రంథం 31వ అధ్యాయంలో ప్రత్యక్ష గుడారపు (అరణ్యంలోని ఆరాధనా గుడారపు) పనికి పిలుపందుకున్న శిల్పి బెసలేలు పేరును 1906లో యెరూషలేములో బోరిస్ షాట్జ్ తాను స్థాపించిన కళాశాలకు పెట్టుకున్నారు.

ఎంపికకు ముందు ఆ పిల్లవాడు ఏ ఇంటివాడన్నది కూడా చూసుకోవాలి. యూదు ఆచారాలు పాటించే ఇంటి పిల్లలకు వాడుక వస్తువులే మేలు. ఈ మాట ముంబయిలోని బెనే ఇజ్రాయేల్ అనే యూదు సముదాయపు కుటుంబాలకు ఎంత వర్తిస్తుందో, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం పేరుతో యూదు ఆచారాలు పాటిస్తున్న తెలుగు కుటుంబాలకూ, విదేశాల్లో తల్లిదండ్రుల్లో ఒకరు యూదులైన తెలుగు ఇళ్లకూ అంతే వర్తిస్తుంది. ఇతర మతాల పిల్లలు ఎక్కువగా ఉన్న తరగతి గదిలో మాత్రం పూజా వస్తువుల నమూనాలు చేయించడం కంటే, ఒక చారిత్రక కళాఖండాన్ని శ్రద్ధగా చూపించి, దాని పద్ధతిని అనుసరించి పని చేయించడం ఎక్కువ గౌరవప్రదం. ఒకరి ప్రార్థనలో వాడే వస్తువును మరొకరు బుధవారం మధ్యాహ్నం జిగురుతో అతికించి, గురువారం చెత్తబుట్టలో వేసే పరిస్థితి రాకూడదు.

వాడుకలోకి వచ్చే వస్తువులు

ఈ తరహాలో అందరికీ మొదట తట్టేది హనుక్కా దీపస్తంభం. క్రీ.పూ. 164లో మక్కబీయులనే యూదు తిరుగుబాటు వీరులు యెరూషలేము దేవాలయాన్ని తిరిగి ప్రతిష్ఠించిన ఘట్టాన్ని తలచుకునే ఈ పండుగలో ఎనిమిది రాత్రులు రోజుకొక దీపం చొప్పున పెంచుతూ వెలిగిస్తారు. కాబట్టి స్తంభానికి ఎనిమిది దీపపు చోట్లు, వాటిని వెలిగించడానికి షమ్మాష్ అనే తొమ్మిదో దీపం ఉండాలి. ఎనిమిదీ ఒకే వరుసలో ఒకే ఎత్తులో ఉండటం, షమ్మాష్ ఒక్కటీ ఎత్తులోనో పక్కగానో వేరుగా కనిపించడం ఆచారం. పిల్లల చేతిపని పుస్తకాల్లో తరచుగా కనిపించే పొరపాటు ఏడు కొమ్మల దీపస్తంభాన్ని హనుక్కాకు చూపించడం. ఏడు కొమ్మలది దేవాలయంలోని మెనోరా. రోములోని టైటస్ తోరణం మీద సైనికులు మోసుకుపోతున్నట్టు చెక్కి ఉన్నది దాని రూపమే. హనుక్కాకు అది పనికిరాదు.

దీపస్తంభంలో ఉన్న అసలు చిక్కు నిప్పు. దీపాలు కనీసం అరగంట వెలగాలి కాబట్టి అట్టతోనో, ఐస్‌క్రీమ్ పుల్లలతోనో చేసినవి బొమ్మలుగా బాగుంటాయే తప్ప వెలిగించడానికి పనికిరావు. చెక్క పలక మీద ఇనుప నట్లు అంటించి కొవ్వొత్తులు నిలిపే పద్ధతి అమెరికా యూదు బడుల్లో బాగా వాడుకలో ఉంది గానీ, కొవ్వొత్తి అడుగంటా కాలిన చోట చెక్క నల్లబడటం ఖాయం. మన ప్రాంతంలో ఇంతకంటే సులువైన దారి ఉంది. కుమ్మరి దగ్గర దొరికే చిన్న మట్టి ప్రమిదలు ఎనిమిది తెచ్చి, పొడవాటి గచ్చు పలక మీద వరుసగా నిలిపి, తొమ్మిదో ప్రమిదను ఒక చిన్న మట్టి దిమ్మ మీద ఎత్తి పెడితే నియమం సరిపోతుంది. నూనె దీపం ఇక్కడ కొత్తగా చొప్పించినదేమీ కాదు. ఆలివ్ నూనె శ్రేష్ఠమని సంప్రదాయం చెబుతుంది, బెనే ఇజ్రాయేల్, కొచ్చి యూదులు కూడా నూనె దీపాలే వెలిగించారు. రంగులు ప్రమిద బయటివైపే వేయించాలి. లోపలి అంచుకు రంగు గానీ, మెరుపుల పొడి గానీ తగలనివ్వకూడదు. అయిదేళ్లు దాటిన పిల్లలు ఈ పని చేయగలరు, వెలిగించేటప్పుడు మాత్రం పెద్దలు పక్కన ఉండాలి.

మెజూజా పెట్టె గుమ్మానికి బిగించే చిన్న గొట్టం లాంటిది. పెట్టెను పిల్లలు మట్టితోనో చెక్కతోనో ఎంత చక్కగానైనా చేయవచ్చు గానీ, లోపల ఉండవలసిన, తోరా వాక్యాల తోలు పత్రాన్ని శిక్షణ పొందిన లేఖకుడు చేత్తో రాయాలి. అచ్చువేసిన కాగితం చెల్లదు. అంటే చేతిపనికి అయ్యే ఖర్చు స్వల్పం, అసలు పత్రానికి అయ్యే ఖర్చు చాలా ఎక్కువ. ఇంట్లో ఇప్పటికే పత్రం ఉండి, పెట్టె పాతబడి ఉంటే ఇంతకంటే మంచి పని ఉండదు. లేకపోతే పిల్లవాడి చేతిలో ఖాళీ పెట్టె మిగులుతుంది, అందులో ఏముండాలో వివరించడంతోనే పాఠం ఆగిపోతుంది.

మొదటి ప్రాజెక్టు ఏదని అడిగితే నేను దీపాన్ని గాక రొట్టె మీద కప్పే గుడ్డను సూచిస్తాను. శుక్రవారం రాత్రి బల్ల మీద రెండు హల్లా రొట్టెలు పెట్టి, ద్రాక్షారసం మీద ఆశీర్వాదం ముగిసేదాకా వాటిని గుడ్డతో కప్పి ఉంచుతారు. అరణ్యంలో విశ్రాంతిదినానికి ముందురోజు మన్నా అనే ఆహారం రెండింతలు కురిసిన కథకు ఆ రెండు రొట్టెలు గుర్తు. తెల్లటి నూలు గుడ్డ, బట్టల రంగులు, పిల్లవాడి అరచేతి ముద్రలు ఉంటే చాలు, మూడేళ్ల పిల్లలు కూడా చేయగలరు. దీపం ఏడాదికి ఎనిమిది రాత్రులు బయటికి వస్తుంది, ఈ గుడ్డ మాత్రం ప్రతి వారం బల్ల మీదికి వస్తుంది. ప్రతి వారం కళ్లెదుట కనబడే వస్తువు కథను మరిచిపోనివ్వదు. ద్రాక్షారసం మరక పడటం ఎలాగూ తప్పదు కాబట్టి, ఉతికితే పోని రంగులు వాడటం ఒక్కటే జాగ్రత్త.

ఇదే కోవలో జర్మన్ యూదుల విమ్పెల్ మరింత లోతైనది, అంతే ఓపిక కోరేది. ఎనిమిదో రోజున సున్నతి సమయంలో శిశువుకు చుట్టిన గుడ్డను ఉతికి, పట్టీలుగా కత్తిరించి, కొసలు కలిపి కుట్టి, దాని మీద పేరు, పుట్టిన తేదీ, తోరాకూ వివాహ పందిరికీ సత్కార్యాలకూ ఎదుగు గాక అన్న దీవెన కుట్టుపనితోనో రంగులతోనో రాసేవారు. బిడ్డ కాస్త పెద్దవాడయ్యాక దాన్ని ప్రార్థనా మందిరానికి తీసుకెళ్లి తోరా చుట్టకు కట్టుబట్టగా ఇచ్చేవారు. అక్షరాల మధ్య జంతువులూ పక్షులూ పూలూ నిండి ఉండటం వల్ల పిల్లలు దీన్ని ఇట్టే ఇష్టపడతారు. నేడు ఆడపిల్లల కోసం కూడా చేసేవారున్నారు. పదేళ్లు దాటిన పిల్లలు, ఇంట్లో కొత్తగా పుట్టిన తమ్ముడి కోసమో చెల్లెలి కోసమో చేస్తే ఇది కుటుంబ చరిత్రగా నిలుస్తుంది. ఒక్క మధ్యాహ్నంలో ముగియాలంటే మాత్రం దీని జోలికి పోకపోవడమే మంచిది.

కాగితమా, అక్షరమా

తూర్పు ఐరోపా యూదుల్లో, ముఖ్యంగా 19వ శతాబ్దంలో, కాగితపు కత్తిరింపు చాలా ప్రాచుర్యం పొందింది. ఒక కాగితాన్ని నిలువునా మడిచి, చెక్క పలక మీద పెట్టి, చాకు మొనతో కోసి విప్పితే రెండు వైపులా ఒకేలాంటి సింహాలు, జింకలు, పక్షులు, జీవవృక్షం, మధ్యలో దీపస్తంభం తేలేవి. ఖరీదైన లోహమూ పట్టూ అందుబాటులో లేని ఇళ్లలో కూడా కాగితమూ చాకూ ఉండేవి, అందుకే బడిపిల్లలూ వారి గురువులూ దీన్ని ఎక్కువగా చేశారు. చిరుతలా ధైర్యంగా, గద్దలా తేలికగా, జింకలా వేగంగా, సింహంలా బలంగా ఉండి దేవుని చిత్తం నెరవేర్చమని మిష్నా అనే ప్రాచీన యూదు ధర్మశాస్త్ర గ్రంథంలోని పితరుల నీతుల్లో ఉన్న మాట ఈ నాలుగు జంతువులకూ ఆధారం. ఆ ఒక్క వాక్యం చెప్పి, నాలుగు జంతువుల్లో తనకు నచ్చినదాన్ని కత్తిరించమంటే పిల్లవాడికి పాఠమూ పనీ ఒక్కటవుతాయి.

ఇలాంటి కత్తిరింపుల్లో మిజ్రాహ్ అనే గోడ పటం ప్రసిద్ధమైనది. ప్రార్థన చేసేటప్పుడు యెరూషలేము ఏ దిక్కున ఉందో చూపించడానికి ఐరోపా ఇళ్లలో దాన్ని తూర్పు గోడకు తగిలించేవారు. భారతదేశంలో ఉన్నవారికి యెరూషలేము పడమట ఉంటుంది. కేరళ ప్రార్థనా మందిరాల్లో తోరా చుట్టలుంచే మందసం పడమటి గోడకే ఉంటుంది. కాబట్టి హైదరాబాదులోనో గుంటూరులోనో చేసిన పటాన్ని పడమటి గోడకు తగిలించాలి. ఐరోపా నమూనాను యథాతథంగా దించి తూర్పున పెట్టేస్తే ఆ పటం తప్పు దిక్కు చూపిస్తుంది. భూగోళ పటం తెరిచి పిల్లల చేతే ఆ దిక్కు కనిపెట్టించడం కత్తిరింపు కంటే ఎక్కువ గుర్తుండే భాగం కావచ్చు. చాకు పని పన్నెండేళ్ల లోపు పిల్లలకు వద్దు, మొన లేని కత్తెర చాలు. మడత వైపు కోయకూడదన్న సంగతి ముందే చెప్పకపోతే పటం రెండు ముక్కలుగా చేతికొస్తుంది.

హీబ్రూ అక్షరాలకు రంగులు వేయించడం పైకి సాదాగా కనిపించినా, దీనికి వెయ్యేళ్ల చరిత్ర ఉంది. పాత కైరోలోని బెన్ ఎజ్రా ప్రార్థనా మందిరపు కొట్టులో శతాబ్దాల తరబడి పోగైన కాగితాల్లో పిల్లలకు అక్షరాలు నేర్పే రంగుల పుస్తకాలు కూడా దొరికాయి. ఆ కాగితాల్లో పెద్ద భాగాన్ని 1896-97లో సోలమన్ షెక్టర్ కేంబ్రిడ్జికి తరలించారు. గురువు అక్షరం అంచులు గీసి ఇస్తే పిల్లలు లోపల రంగు నింపేవారు. మొత్తం 22 అక్షరాలు, కుడి నుంచి ఎడమకు రాత, వాటిలో అయిదు పదం చివర రూపం మార్చుకుంటాయి. తన పేరును హీబ్రూలో రాసుకుని, దాని చుట్టూ అలంకరించడం ఆరేళ్ల పిల్లలకు సరిపోతుంది. చిన్న చిన్న అక్షరాలతోనే జంతువు ఆకారమో చెట్టు ఆకారమో కూర్చే సూక్ష్మలిపి మధ్యయుగాల హీబ్రూ చేతిరాత ప్రతుల్లో గొప్పగా సాగిన కళ గానీ, అక్షరాలు బాగా వచ్చిన పెద్ద పిల్లలకే అది సాధ్యం. ఇంట్లో హీబ్రూ చదవగలవారు ఒకరైనా ఉంటే అక్షరాన్ని, ఎవరూ లేకపోతే కత్తిరింపును ఎంచుకోండి. అచ్చు చూసి గీసిన అక్షరంలో ఒక గీత అటూ ఇటూ అయితే వేరే అక్షరమైపోతుంది, ఆ తప్పును పట్టుకునేవారు ఇంట్లో ఉండరు.

చూసి నేర్చుకునే కళ

తరగతి గదికి నా మొదటి ఎంపిక బేత్ అల్ఫా నేల చిత్రం. 1928 చివర్లో ఉత్తర ఇజ్రాయేల్‌లోని ఒక కిబ్బూట్జ్ (సమష్టి వ్యవసాయ గ్రామం) సభ్యులు నీటి కాలువ తవ్వుతుండగా 6వ శతాబ్దపు ప్రార్థనా మందిరపు నేల బయటపడింది. మరుసటి ఏడాది ఎలియజర్ సుకెనిక్ దాన్ని తవ్వి వెలికితీశారు. చిన్న చిన్న రంగు రాళ్లతో పేర్చిన ఆ నేల మీద మూడు భాగాలున్నాయి. ఒక చివర సింహాలూ దీపస్తంభాలూ కాపలాగా ఉన్న మందసం, నడుమ రాశిచక్రం, మరో చివర అబ్రాహాము ఇస్సాకును బలి ఇవ్వబోయే సన్నివేశం. మేషం, వృషభం, మిథునం అంటూ తెలుగు పిల్లలకు తెలిసిన పన్నెండు రాశులే అక్కడ హీబ్రూ పేర్లతో కనిపిస్తాయి, మధ్యలో రథం మీద సూర్యుడు. యూదు ప్రార్థనా మందిరంలో సూర్యరథం ఏమిటని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. ఆ కాలపు గ్రీకు, రోమన్ చిత్రకళతో యూదులు ఎంత సన్నిహితంగా బతికారో చెప్పడానికి ఆ ప్రశ్నే దారి. యూదు సంప్రదాయంలో మనిషి రూపం గీయనే గీయరన్న అపోహ కూడా దీంతో తొలగుతుంది. అంతకు మూడు శతాబ్దాల ముందే, సుమారు క్రీ.శ. 244-45లో, సిరియాలోని దురా యూరోపస్ ప్రార్థనా మందిరం గోడల నిండా బైబిలు కథల మనుషుల్ని చిత్రించారు.

బేత్ అల్ఫా చిత్రంలోని బొమ్మలు కొలతలూ నిష్పత్తులూ పట్టించుకోకుండా, పెద్ద కళ్లతో, పిల్లలు గీసినట్టే ఉంటాయి. బలికి రావలసిన పొట్టేలు చెట్టు పక్కన నిలువునా వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. దాన్ని చేసిన శిల్పులు మరియానోస్, అతని కుమారుడు హనీనా అని గ్రీకు శాసనం చెబుతోంది. తండ్రీ కొడుకులు కలిసి చేసిన పని అన్న ఒక్క వివరం పిల్లల్ని కదిలిస్తుంది. పాత పత్రికల రంగు పుటల్ని ఒక సెంటీమీటరు చదరాలుగా కత్తిరించి, ముదురు చార్టు మీద సన్నని సందు వదులుతూ అంటిస్తే చాలు. ఒక్కొక్కరికి ఒక్కొక్క రాశి ఇస్తే పన్నెండు మంది పని ఒక చక్రంగా కూడుతుంది. ఏడేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా ఎవరికైనా కుదురుతుంది, కాకపోతే రెండు మూడు తరగతుల సమయం పడుతుంది.

దీనికి పోటీగా చాలామంది మార్క్ షగాల్ కిటికీలను ఎంచుకుంటారు. యెరూషలేములోని హదస్సా వైద్యశాల ప్రార్థనా మందిరంలో 1962లో అమర్చిన ఆ పన్నెండు గాజు కిటికీలు యాకోబు పన్నెండుగురు కుమారులవి. నీలం, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో పక్షులూ చేపలూ జంతువులూ తేలుతూ ఉంటాయి, మనిషి రూపం ఉండదు. నల్ల చార్టులో గడులు కోసి వెనక పతంగి కాగితం అంటించి కిటికీకి పెడితే ఫలితం వెంటనే కనబడుతుంది. చిన్న పిల్లలకూ, తక్కువ సమయానికీ ఇది తగినది. అయితే షగాల్ శైలిని అనుకరించమంటే పిల్లలు రంగుల్లో పడి కథను వదిలేస్తారు. అందువల్ల ఒక్కొక్క కుమారుడికి యాకోబు ఇచ్చిన దీవెనను ఆదికాండము 49వ అధ్యాయం నుంచి ముందు చదివించడం తప్పనిసరి. యూదాకు సింహం, నఫ్తాలికి లేడి అని అక్కడే ఉంది.

భారతదేశంలోని పిల్లలకు మూడో దారి కొచ్చి. 1568లో కట్టిన పరదేశి ప్రార్థనా మందిరం నేల మీద 18వ శతాబ్దంలో చైనా నుంచి తెచ్చిన, చేత్తో చిత్రించిన నీలం తెలుపు పలకలు పరచి ఉన్నాయి. ఏ రెండు పలకలూ ఒకేలా ఉండవని చెబుతారు. తెల్ల అట్ట చదరాల మీద నీలం సిరాతో ఒక్కో పిల్లవాడు ఒక్కో పలక గీసి నేల మీద పరిస్తే పని పూర్తవుతుంది. ఖర్చు దాదాపు లేదు. యూదు వారసత్వం అంటే ఐరోపా మాత్రమేనన్న భావన పోవడానికి ఇంతకంటే సూటి మార్గం లేదు. కొచ్చి వెళ్లగలిగిన కుటుంబాలు అసలు నేలను చూసి రావచ్చు. మట్టంచేరిలోని కడవుంభాగం మందిరపు చెక్క అలంకరణను మాత్రం చూడాలంటే ఇప్పుడు యెరూషలేములోని ఇజ్రాయేల్ మ్యూజియంకు వెళ్లవలసిందే.

గుంపు పనికి పర్ణశాలల పండుగ సరిపోతుంది. ఆకులూ రెమ్మలూ పరచిన పైకప్పు గల ఆ తాత్కాలిక పాకలో గోధుమ, యవలు, ద్రాక్ష, అంజూరం, దానిమ్మ, ఒలీవ, ఖర్జూరం అనే ఏడు పంటల బొమ్మలు వేలాడదీస్తే అన్ని వయసుల పిల్లలకూ పని దొరుకుతుంది. వాన పడితే కాగితం ఒక్క రాత్రిలో పోతుంది కాబట్టి లామినేషన్ చేయించడమో, గుడ్డ వాడటమో మంచిది. ఇంతకు మించి దీని గురించి చెప్పవలసింది లేదు.

కాలమూ సామగ్రీ

మంచి ప్రాజెక్టును తప్పు రోజున పెడితే పాఠమే చెడుతుంది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా రాయడం, కత్తిరించడం, అంటించడం, రంగు వేయడం విశ్రాంతిదిన నియమాలకు విరుద్ధం. కాబట్టి యూదు పిల్లలున్న తరగతిని శనివారం పెట్టకూడదు. పస్కా వారంలో పులిసే ధాన్యాలు ఇంట్లో ఉంచరు కాబట్టి గోధుమపిండితో చేసే ఆట మట్టినీ, ఇంట్లో మైదా ఉడికించి చేసుకునే జిగురునూ చాలా కుటుంబాలు పక్కన పెడతాయి. ఆ వారానికి సీసా జిగురు, బంకమన్ను వాడుకోవాలి. హీబ్రూలో దేవుని నాలుగక్షరాల నామం రాసిన కాగితాన్ని చెరపడం గానీ పారవేయడం గానీ చేయరు, దాచి ఉంచి తర్వాత పాతిపెడతారు. అందుకని పిల్లల పటాల్లో ఆ నామం లేని వాక్యాలే ఎంచుకోవడం వివేకం.

పెద్ద పిల్లలకు నాజీలు చేసిన యూదుల సంహారం గురించి చేతిపనితో నేర్పవచ్చా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. శిబిరాల నమూనాలు కట్టించడం, ఖైదీల పాత్రలు వేయించడం ఎంత మంచి ఉద్దేశంతో చేసినా ఆ దుఃఖాన్ని ఆటగా మారుస్తాయి, వాటిని పూర్తిగా వదిలేయాలి. దానికి బదులు, నాజీలు యూదులను నిర్బంధించిన తెరెజీన్‌లోని పిల్లల చిత్రాలను చూపించవచ్చు. జర్మనీలోని బౌహౌస్ కళాపాఠశాలలో చదివిన చిత్రకారిణి ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ 1942 డిసెంబరులో అక్కడికి చేరి, నిర్బంధంలో ఉన్న పిల్లలకు రహస్యంగా చిత్రలేఖనం నేర్పారు, ప్రతి బొమ్మ మీదా పిల్లల చేత పేరు రాయించారు. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపేశారు. ఆమె రెండు సూట్‌కేసుల్లో దాచిన సుమారు 4,500 బొమ్మలు ఇప్పుడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. పన్నెండేళ్లు దాటిన పిల్లలతో ఆ బొమ్మల్ని చూసి మాట్లాడటం వరకు ఆగడం మంచిదని నా అభిప్రాయం. వాటిని అనుకరించి గీయించవలసిన అవసరం లేదు.

చివరిగా, దుకాణాల్లో దొరికే తయారు కిట్ల సంగతి. సమయం లేనప్పుడు అవి పనికొస్తాయి గానీ, కొనేముందు హీబ్రూ అక్షరాలు తిరగబడి అచ్చు కాలేదని చదవగలవారికి చూపించి నిర్ధారించుకోండి. హనుక్కా బొంగరం కొంటే దాని నాలుగో ముఖం కూడా చూడండి. ‘అక్కడ గొప్ప అద్భుతం జరిగింది’ అనే హీబ్రూ వాక్యపు పదాల మొదటి అక్షరాలే దాని నాలుగు ముఖాల మీద ఉంటాయి. ‘అక్కడ’ అనే అర్థంలో ఇజ్రాయేల్ బయట షిన్ అక్షరం ఉంటుంది, ‘ఇక్కడ’ అనే అర్థంలో ఇజ్రాయేల్‌లో పే అక్షరం ఉంటుంది. భారతదేశంలో ఆడే పిల్లలకు షిన్ ఉన్నదే సరైనది.